పళ్ళు రాని బిడ్డకు ఓట్స్ ముక్కలు చేతికి ఇవ్వవచ్చా?

6 నెలలు నిండి, మెడ నిలిపి, కొద్దిపాటి ఆసరాతో కూర్చోగలిగే బిడ్డకు ఒక్క పన్ను రాకపోయినా మెత్తగా వండిన ఓట్స్ ముక్కలను చేతికి ఇవ్వవచ్చు. మెత్తని ఆహారాన్ని నలపడానికి చిగుళ్ళ బలమే చాలు. పైగా మొదట వచ్చేవి కొరికే ముందుపళ్ళు, నమిలే దవడపళ్ళు సాధారణంగా ఏడాది దాటాకే వస్తాయి కాబట్టి, పళ్ళ కోసం ఎదురుచూడటం వల్ల ప్రయోజనం లేదు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు నీటిని పీల్చుకుని జిగురుగా మారుతుంది గనుక గుడ్డు, మైదా లేకుండానే ముక్క విడిపోకుండా నిలుస్తుంది.

ఉదాహరణకు, బాగా మగ్గిన అరటిపండులో సగం మెదిపి, 3 చెంచాల ఓట్స్ పొడి, అది తడిసేంత నీరు కలిపి 10 నిమిషాలు నాననిచ్చి, పెనం మీద మందంగా పరచి, మూతపెట్టి సన్నని సెగపై రెండు వైపులా కాల్చాలి. ఈ వయసు పిల్లలు దేనినైనా పిడికిలితోనే పట్టుకుంటారు. అందువల్ల పిడికిలి బయటికి కొంత కనిపించేలా పెద్దల వేలంత పొడవున కోయాలి. రెండు వేళ్ళ మధ్య నొక్కితే ముద్దగా నలగాలి, గట్టిపడిన అంచులను తీసివేయాలి. తింటున్నంతసేపు పెద్దవారు పక్కనే ఉండటం తప్పనిసరి.

తీపి కోసం తేనె కలిపితే మేలన్నది చాలామందిలో ఉన్న అపోహ. నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్ళలో ఉన్నదే అయినా, తేనెలో ఉండగల, బొటులిజం అనే తీవ్రమైన జబ్బును కలిగించే బ్యాక్టీరియా బీజాలు మామూలు వంట వేడికి నశించవు కనుక ఏడాది నిండని బిడ్డకు దానిని వండి కూడా పెట్టకూడదు.