ఊటీ నుంచి తెచ్చిన వైబర్నమ్ మన ఎండకు పూస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పెదకాకాని. మిరప రైతును. డిసెంబరులో ఊటీ వెళ్లినప్పుడు తెల్లటి బంతుల్లా పూసే వైబర్నమ్ మొక్కలు రెండు తెచ్చి ఇంటి ముందు నల్లరేగడిలో నాటాం. ఒక్క మొగ్గ రాలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఆకుల అంచులు మాడిపోతున్నాయి. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం, డీఏపీ కూడా వేశాం. మా ఆవిడకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ఫొటోలో ఆకు పత్తి ఆకులా మూడు చీలికలుగా ఉంది కాబట్టి అది వైబర్నమే. ఇలాగే గుత్తులుగా పూసే మామూలు హైడ్రాంజియా ఆకుకు చీలికలుండవు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

పూయనందుకు మీరు బాధపడకండి. మీ రకం చలి ప్రాంతాల పొద. శీతాకాలంలో ఆకు రాల్చి, కొన్ని వారాలు గట్టి చలి తగిలాకే దాని మొగ్గ విచ్చుకుంటుంది. మన దగ్గర 15 డిగ్రీల కిందికి దిగే రాత్రులే తక్కువ. ఎన్ని ఎరువులు వేసినా ఆ చలి లోటు తీరదు. కాబట్టి డీఏపీ ఆపేయండి.

ఆకు మాడడానికి ఎండ ఒక కారణం, మీరు పోసే నీళ్లు ఇంకో కారణం. మొదలు దగ్గర జానెడు లోతు తవ్వి మట్టి పిసికి చూడండి. ముద్ద కడుతుంటే వేళ్లకు గాలి ఆడడం లేదు. వేరు కుళ్లితే కింద ఎంత తడి ఉన్నా ఆకుకు నీరందదు. కొమ్మను గోటితో గీకండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. పైన షేడ్‌నెట్ కట్టి, మొదలు చుట్టూ వరిగడ్డి పరచి, మట్టి ఆరాకే నీళ్లు పెట్టండి. ఇప్పుడు పీకి మార్చొద్దు. తొలకరి పడ్డాక ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపిన పెద్ద కుండీలోకి మార్చి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపు పెట్టుకోండి. బతికితే పచ్చని మొక్కగా ఉంటుంది. పూల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఇంటి ముందు తెల్లటి గుత్తులే కావాలంటే తెల్ల నూరువరహాలు వేయండి, కడియం నర్సరీల్లో దొరుకుతుంది. మన వేడికి తట్టుకుని ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. నాకైతే దాని గుత్తి ఊటీ పువ్వుకేమీ తీసిపోదు. రేగడిలో నేరుగా నాటకుండా గొయ్యిలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు నింపి, నీరు నిలవకుండా మట్టం కాస్త ఎత్తు చేయండి.

సున్నం ఎక్కువున్న రేగడిలో నూరువరహాల లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. కొత్త చిగురు పచ్చగా వస్తే ఆపేయొచ్చు.