పైథాన్‌కు ఊనో చాలదు, పికో చాలు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండలో బీటెక్ చదువుతున్నాను. మిర్చి తోటలో మట్టి తేమను బట్టి డ్రిప్ మోటారు ఆన్, ఆఫ్ అయ్యేలా ప్రాజెక్టు చేస్తున్నా. నా దగ్గర ఆర్డుయినో ఊనో ఆర్3 ఉంది. వచ్చింది పైథాన్ ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్ లేని బోర్డు మీద పైథాన్ నడుస్తుందా?

జవాబు: నడుస్తుంది, కానీ మీ ఊనో మీద కాదు. 2013లో డేమియన్ జార్జ్ మొదలుపెట్టిన మైక్రోపైథాన్ అనే చిన్న పైథాన్ ఇలాంటి బోర్డుల కోసమే. దానికి సుమారు 256 కేబీ ఫ్లాష్ (ప్రోగ్రామ్ దాచే చోటు), 16 కేబీ ర్యామ్ (నడిచేటప్పుడు వాడుకునే చోటు) ఉండాలి. ఊనోలో ఉన్నవి 32 కేబీ, 2 కేబీ. రాస్ప్‌బెర్రీ పై పికో కొనుక్కోండి. ర్యామ్ 264 కేబీ, ఫ్లాష్ 2 ఎంబీ. పేరు చూసి పొరబడకండి, రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లలోలా ఇందులో లినక్స్ ఉండదు. కరెంటు రాగానే మైక్రోపైథానే లేచి మెయిన్ డాట్ పీవై ఫైలును నడిపిస్తుంది. నమ్‌పై, పాండాస్ లాంటి పెద్ద లెక్కల లైబ్రరీలు ఇందులో ఎక్కవు. తేమ చూడటానికి అవెందుకు చెప్పండి!

బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి యూఎస్‌బీ కేబుల్ గుచ్చితే బోర్డు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. మైక్రోపైథాన్ యూఎఫ్2 ఫైలును అందులో వేస్తే సరి. తర్వాత కంప్యూటర్‌లో థానీ అనే ఎడిటర్ తెరిచి ఒక్కో లైను కొడుతూ సెన్సర్ విలువ అక్కడికక్కడే చూసుకోవచ్చు.

అసలు తిప్పలు ర్యామ్‌తోనే. లూపులో ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారుచేస్తుంటే గార్బేజ్ కలెక్టర్ పాతవి ఏరేస్తుంది కానీ, మిగిలినవాటిని పక్కకు జరపదు. ఖాళీ జాగా ముక్కలైపోతుంది. మొత్తం కలిపితే 40 కేబీ ఖాళీ ఉన్నా, ఒకేచోట 4 కేబీ దొరక్క మెమొరీ ఎర్రర్ రావచ్చు. టేబుల్ మీద గంటసేపు బ్రహ్మాండంగా నడిచిన ప్రోగ్రామ్ తోటలోకి వెళ్లాక ఆగిపోయిందంటే ముందు దీన్నే అనుమానించండి. బైట్‌అర్రే (బైట్లు పెట్టుకునే మార్చదగిన జాగా) ఒకటి లూపు బయటే చేసుకొని దాన్నే తిరిగి తిరిగి వాడండి. వాచ్‌డాగ్ టైమర్ కూడా పెట్టండి, ప్రోగ్రామ్ మొండికేస్తే బోర్డును అదే రీసెట్ చేస్తుంది. రీసెట్ అయ్యే ఆ కాస్త సేపు రిలే (బోర్డు ఆడించే కరెంటు స్విచ్) ఆఫ్‌లో ఉండేలా చూసుకోవాలి.

పికో పిన్నులు 3.3 వోల్టులవి. ఊనోకు 5 వోల్టుల మీద వాడిన సెన్సర్‌ను అలాగే తగిలిస్తే పిన్ను పోవచ్చు. చిన్న రిలేతో నేరుగా మోటారు తిప్పొద్దు. రిలే మోటారు స్టార్టర్ డబ్బాలోని కాయిల్‌ను ఆడిస్తే చాలు, ఆ డబ్బాలో వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.