ధరావతు సొమ్ము, చివరి పేజీ అడుగు వరుస: పాత పత్రికలపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం బ్రిటిష్ వారి కాలంనాటి పత్రికల గురించే. కొన్నిటికి విడమరిచి, కొన్నిటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ట్రంకుపెట్టె అడుగున ఒక తెలుగు వారపత్రిక కాగితాలు దొరికాయి. మొదటి పేజీ చిరిగిపోయింది, తేదీ కనబడడం లేదు. ఏ ఏటివో ఎలా తేల్చాలి? (తెనాలి పాఠకురాలు)

చివరి పేజీ ఉంటే సగం పని అయినట్టే. దాని అడుగున చిన్న అక్షరాల్లో, ఫలానా ప్రెస్సులో ఫలానావారు ముద్రించి ప్రచురించారని ఒక వరుస ఉంటుంది. ఎవరో ముచ్చటపడి వేసుకున్నది కాదది. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం అప్పట్లో అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చువేసిన ఊరు ఉండాలి. ప్రచురణ అయితే ప్రచురణకర్త పేరూ ఉండాలి. అది లేకుండా అచ్చువేస్తే 5,000 రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు అని చట్టం మొదటి రూపంలోనే ఉంది. ప్రెస్సు చోటు మారితే మేజిస్ట్రేటు ముందు కొత్త డిక్లరేషను, అంటే ప్రెస్సు ఎవరిదో, ఎక్కడుందో సంతకం పెట్టి రాసిచ్చే ప్రకటన, ఇవ్వాలి. కాబట్టి ఆ వరుసలోని వీధి పేరు, ముద్రాపకుడి పేరు తేదీ దొరకబుచ్చుకోవడానికి గట్టి ఆధారాలు.

అదే వరుసలో సంపాదకుడి పేరుందేమో చూడండి. పత్రిక ప్రతి కాపీ మీదా సంపాదకుడి పేరు ఉండాలన్న నిబంధన 1922 సవరణతో వచ్చింది. సంపాదకుడి పేరు ఎక్కడా కనబడకపోతే అది అంతకు ముందుదని అనుకోవచ్చు. తిరగేసి మాత్రం చెప్పకండి: చట్టం అడగకముందే పేరు వేసుకున్న పత్రికలు చాలా ఉన్నాయి.

ఎక్కడైనా తెలుగు సంవత్సరం పేరు కనబడితే మీ పంట పండినట్టే. అరవై ఏళ్లకోసారి గానీ అదే పేరు మళ్లీ రాదు. ‘ఆనంద’ అంటే 1914-15, ‘దుందుభి’ అంటే 1922-23. జనవరి నుంచి ఉగాది దాకా పాత పేరే నడుస్తుందని మరవకండి, చాలామంది ఒక ఏడాది తప్పేది అక్కడే. వార్తల్లో జిల్లాల పేర్లు కూడా చూడండి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, పశ్చిమ గోదావరి జిల్లా 1925లో. ధర అణాల్లో ఉందని మురిసిపోతే లాభం లేదు. 1957లో నయాపైసలు వచ్చేదాకా అన్నీ అణాల్లోనే ఉన్నాయి.

చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, లామినేషను అసలు వద్దు. టేపు జిగురు కొన్నాళ్లకు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది, లామినేషను మళ్లీ ఊడదీయడం కుదరదు. బల్లపరుపుగా పరిచి, పగటి వెలుగులో ఫొటోలు తీసి, మడవకుండా అట్టల మధ్య పెట్టండి.

ప్రశ్న: ‘పత్రిక నుంచి ధరావతు కోరారు, పత్రిక ఆగిపోయింది’ అని చరిత్ర పుస్తకాల్లో తరచు చదువుతాం. డబ్బు కట్టి నడుపుకోవచ్చు కదా? (ఖమ్మం పాఠకుడు)

ధరావతు అంటే ప్రభుత్వం దగ్గర హామీగా ఉంచే సొమ్ము. కట్టినవాళ్లూ ఉన్నారు. కట్టాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. 1910 ప్రెస్సు చట్టం పనిచేసిన తీరు ఇది.

ఎవరైనా కొత్తగా ప్రెస్సు పెడితే 1867 చట్టం కింద డిక్లరేషను ఇచ్చేటప్పుడే 500 నుంచి 2,000 రూపాయల దాకా మేజిస్ట్రేటు దగ్గర జమకట్టాలి. మేజిస్ట్రేటు తలుచుకుంటే మినహాయించవచ్చు, ఆ దయ ఆయన చేతిలోనిది. అప్పటికే నడుస్తున్న ప్రెస్సుల నుంచి రాష్ట్ర ప్రభుత్వం 5,000 దాకా కోరవచ్చు. పత్రిక ప్రచురణకర్త మీదా ఇలాంటి ధరావతే విడిగా ఉంది. అంటే ఒకే పత్రికకు అచ్చువేసేవాడు ఒకసారి, ప్రచురించేవాడు ఒకసారి కట్టాల్సి రావచ్చు.

తర్వాత ఏదో వ్యాసం ప్రభుత్వానికి నచ్చలేదనుకోండి. కోర్టుకు వెళ్లనక్కరలేదు. నోటీసు ఇచ్చి ధరావతునూ, ఆ సంచిక ప్రతులనూ జప్తు చేసుకోవచ్చు. నోటీసు వెలువడిన పది రోజులకు డిక్లరేషను దానంతటదే రద్దవుతుంది. మళ్లీ నడపాలంటే కొత్త డిక్లరేషను, కొత్త ధరావతు కావాలి. ఈసారి కనీసం 1,000, గరిష్ఠం 10,000. రెండోసారి కూడా తప్పు పడితే సొమ్ముతో పాటు అచ్చుయంత్రమూ పోతుంది.

అణాకు ఒక ప్రతి అమ్మే పత్రిక 2,000 రూపాయలు చూడాలంటే 32,000 ప్రతులు అమ్మాలి. అదీ కాగితం, సిరా, జీతాలు, తపాలా ఏవీ లెక్కవేయకుండా. జిల్లా కేంద్రంలో నడిచే వారపత్రికకు ఇది ఎక్కడ సాధ్యం?

మద్రాసులో అనీబిసెంటు ‘న్యూ ఇండియా’ ఇందుకు తెలిసిన ఉదాహరణ. 1916లో మొదట 2,000 కోరారు, ఆమె కట్టారు. కొన్ని నెలలకే దాన్ని జప్తు చేసి 10,000 అడిగారు, అదీ కట్టారు. హైకోర్టుకు, అక్కడినుంచి అప్పటి తుది అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిలుకు వెళ్లినా 1919లో ఓటమే మిగిలింది. అప్పీలుకు దారి ఉన్న మాట నిజమే: రెండు నెలల గడువు, ముగ్గురు జడ్జీల ప్రత్యేక బెంచి. కానీ తన రాతలో తప్పు లేదని పత్రికవాడే రుజువు చేసుకోవాలి. అదెంత కష్టమో చట్టం నాలుగో సెక్షను చదివితే తెలుస్తుంది. నేరుగా గానీ, పరోక్షంగా గానీ, సూచన, ధ్వని, ఉపమానం, రూపకం ద్వారా గానీ ద్వేషం పుట్టించే ధోరణి ఉంటే చాలు. అలంకారశాస్త్రాన్ని శిక్షాస్మృతిలో చేర్చిన చట్టం ఇంకోటి ఉందో లేదో! ఈ సెక్షను మాటలు హద్దులేనంత విశాలంగా ఉన్నాయని 1913లో ఒక కేసులో కలకత్తా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్సే అన్నారు. ఆ కేసులోనూ పిటిషనర్‌కు ఊరట దక్కలేదు.

మరో నష్టం లెక్కల్లోకి రాదు. సొంత ప్రెస్సు లేని పత్రికలు ఊళ్లోని వేరే ప్రెస్సులో అచ్చువేయించుకునేవి. ఆ ప్రెస్సువాడికి పెళ్లి శుభలేఖలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలే కూడు పెట్టేవి. వారానికి నాలుగు పేజీల కోసం యంత్రాన్ని పణంగా పెట్టమంటే ఎందుకు పెడతాడు? ‘ఈ వారం కుదరదండీ’ అంటాడు. నోటీసు అక్కర్లేకుండానే పత్రిక ఆగిపోతుంది. ఇంకో ప్రెస్సు చూసుకోవడమూ తేలిక కాదు. తెలుగు అచ్చుకు గుణింతాలు, వత్తులతో వందల రకాల సీసపు అక్షరాలు కావాలి. వార్తాపత్రికకు సరిపడా కేసులు (అక్షరాలు ఉంచే గళ్ల పెట్టెలు) నిండుగా ఉన్న ప్రెస్సులు చిన్న ఊళ్లలో ఒకటో రెండో. ఒక్క ‘ర’ వత్తు కేసులో అయిపోయినా, అచ్చయిన పేజీని విప్పి అక్షరాలు తిరిగి గళ్లలో వేసేదాకా అక్షరాలు పేర్చే కంపోజిటరు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

1910 చట్టం 1922లో రద్దయింది. ధరావతు పద్ధతి 1930 ఆర్డినెన్సుతో, 1931 చట్టంతో మళ్లీ వచ్చింది.

ప్రశ్న: రాసినవాడితో పాటు అచ్చువేసినవాడిని కూడా జైలుకు పంపేవారా? (విజయనగరం పాఠకుడు)

పంపేవారు. డిక్లరేషను మీద ఎవరి సంతకముందో వారే ఆ పత్రికకు బాధ్యులనడానికి దాని నకలే సాక్ష్యం. వ్యాసం ఎవరు రాశారని పోలీసులు వెతుక్కోనక్కరలేదు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’లో విదేశీ పాలనను క్రూరమైన పులితో పోల్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం సెక్షను 124ఎ కింద మూడేళ్లు వెల్లూరు జైల్లో గడిపారు. పత్రికను ప్రచురించిన బోడి నారాయణరావుకూ శిక్ష పడింది. 1922లో ‘యంగ్ ఇండియా’ వ్యాసాలకు గాంధీకి ఆరేళ్లు వేస్తే, ముద్రాపకుడు శంకర్‌లాల్ బ్యాంకర్‌కు ఏడాది జైలు, 1,000 రూపాయల జరిమానా వేశారు.

అలహాబాదు ఉర్దూ పత్రిక ‘స్వరాజ్య’ 1907లో మొదలైంది. రెండున్నరేళ్లలో ఒకరి తర్వాత ఒకరుగా ఎనిమిది మంది సంపాదకులు మారారు. ఒకరు జైలుకు వెళితే ఇంకొకరు వచ్చి కుర్చీలో కూర్చునేవారు. 1910 చట్టం వచ్చాక ఆ పత్రికా నిలవలేదు. సంపాదకులు దొరికారు గానీ ధరావతు సొమ్ము, యంత్రం దొరకలేదన్నమాట.

ప్రశ్న: 1878 దేశభాషా పత్రికల చట్టం వల్ల నష్టపోయిన తెలుగు పత్రికలేవి? పోటీ పరీక్షకు కావాలి. (కర్నూలు పాఠకుడు)

ఆ చట్టం మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి; కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోవే) వర్తించలేదు. 1874లో వీరేశలింగం మొదలుపెట్టిన ‘వివేకవర్ధని’ అప్పట్లో నడుస్తూనే ఉంది. వైస్రాయి లిట్టన్ తెచ్చిన ఆ చట్టం ఇంగ్లీషు పత్రికలనూ వదిలేసింది. అందుకే బెంగాల్లో ‘అమృతబజార్ పత్రిక’ రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారిపోయింది. 1882లో వైస్రాయి రిప్పన్ హయాంలో ఆ చట్టం రద్దయింది. గైడు పుస్తకంలో ‘దేశమంతటా’ అని ఉంటే కొట్టేసుకోండి.

ప్రశ్న: ఇవే చట్టాలు తెలంగాణలోనూ నడిచాయా? (వరంగల్ పాఠకురాలు)

లేదు. అది నిజాం రాజ్యం, అక్కడ అనుమతులూ నిషేధాలూ నిజాం ప్రభుత్వానివి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదులో మొదలైన ‘గోలకొండ పత్రిక’ నెగ్గుకు రావలసింది ఆ దర్బారుతో. ఇటు బ్రిటిష్ ప్రాంతం నుంచి సంస్థానాధీశుల మీద రాసేవారిని అదుపుచేయడానికి 1922లోనూ, 1934లోనూ విడిగా చట్టాలు తెచ్చారు.

ప్రశ్న: తెలుగురాని దొరలకు తెలుగు పత్రికలో ఏముందో ఎలా తెలిసేది? ఆ కాగితాలు ఇప్పుడు చూడవచ్చా? (బెంగళూరులో ఉంటున్న పాఠకుడు)

ప్రభుత్వ అనువాదకులు ఉండేవారు. దేశభాషా పత్రికలు చదివి, ముఖ్యమనిపించిన వాటి సారాంశాన్ని ఇంగ్లీషులో తయారుచేసేవారు. వాటిని రహస్య నివేదికలుగా అచ్చువేసి అధికారులకు పంపేవారు. ‘నేటివ్ న్యూస్‌పేపర్స్ రిపోర్టులు’ అంటారు వాటిని. మద్రాసు రాజధానివి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

చూసేముందు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. అవి సర్కారు కంటికి ఆనిన వార్తలు మాత్రమే. పన్నులు, పోలీసులు, మునిసిపాలిటీలు, రాజకీయాలు అందులో దొరుకుతాయి. పుస్తక సమీక్షలు, సాహిత్య వివాదాలు, పెళ్లి సంస్కరణల మీద వాదోపవాదాలు అంతగా దొరకవు. అవి మాత్రమే చదివి ఒక పత్రిక స్వభావాన్ని తేల్చేస్తే పొరబడతారు. వ్యంగ్యమూ అనువాదంలో ఒక్కోచోట నిందగా, ఒక్కోచోట పొగడ్తగా మారిపోతుంది. అసలు సంచిక దొరికితే పక్కన పెట్టుకుని చూడండి.

ఇక పేర్ల వర్ణక్రమం. మచిలీపట్నం ‘కృష్ణాపత్రిక’ కోసం ‘కె’ అక్షరం కింద ‘కృ’ అని వెతికితే దొరకదు, ‘కిస్ట్నాపత్రిక’ అని చూడాలి. ఊళ్లకూ అంతే: మసులిపటం, కొకనాడ, ఎల్లూరు, విజగపటం. పత్రిక పేరు, వారం, ఊరు ఈ పాత వర్ణక్రమంలో ముందే రాసుకుని వెళితే కేటలాగు దగ్గరే ఒక పూట కలిసొస్తుంది.