టెక్ సందేహాలు: కేబుల్ ధర పెరిగితే టీవీలో బొమ్మ బాగుంటుందా?

ప్రశ్న: కొత్తగా 4కే టీవీ కొన్నాం. విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్లి, సెట్‌టాప్ బాక్స్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ రూ.600ది అడిగితే, రూ.4,500ది చూపించి "దీంట్లో రంగులే వేరు మేడమ్" అన్నారు. రెండు టీవీలకు తగిలించి చూపించారు కూడా. నాకు తేడా కనిపించింది. కొనమంటారా? – ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెళ్లేది డిజిటల్ సిగ్నల్, అంటే అంకెల రూపంలో ఉండే సమాచారం. అది సరిగ్గా అందితే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. అందకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది, లేదంటే బొమ్మే రాదు. అంతేగానీ రంగులు చిక్కబడటం, వెలిసిపోవడం కేబుల్ చేతిలో లేదు. ఖరీదైన ఫోన్ నుంచి యూపీఐ చేసినంత మాత్రాన ఐదొందలు ఆరొందలు కావు కదా!

మరి షాపులో కనిపించిన తేడా ఏమిటంటారా? ఈసారి వెళ్తే రిమోట్ అడిగి రెండు టీవీల పిక్చర్ మోడ్ చూడండి. ఒకదాంట్లో రంగులు ఎక్కువ చేసి చూపే 'వివిడ్', ఇంకోదాంట్లో 'స్టాండర్డ్' ఉంటే సంగతి అక్కడే తేలిపోతుంది. మోడ్ ఒకటే అయినా మీకు తేడా అనిపించి ఉండొచ్చు, ధర ముందే చెప్పారు కాబట్టి. 2008లో అమెరికాలో క్యాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి రుచి చూపించారు. 90 అన్నప్పుడే బాగుందన్నారు జనం. వాళ్లేమీ మొహమాటానికి అనలేదు. స్కాన్ చేస్తే, ఆనందానికి సంబంధించిన మెదడు భాగం కూడా అప్పుడే ఎక్కువ చురుగ్గా ఉంది. ఈ విషయం వైన్ అమ్మేవాళ్ల కంటే కేబుల్స్ అమ్మేవాళ్లకే బాగా తెలుసని నా అనుమానం.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద చూడాల్సింది ధర కాదు, రకం. సెట్‌టాప్ బాక్స్‌కో, ఓటీటీ స్టిక్‌కో 'ప్రీమియం హై స్పీడ్' సరిపోతుంది. పిల్లలు గేమింగ్ కన్సోల్‌లో 4కే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారేది) ఆడతామంటే మాత్రం 48 జీబీపీఎస్ (సెకనుకు 48 గిగాబిట్ల వేగం) 'అల్ట్రా హై స్పీడ్' కావాలి. దాని ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్‌తో సర్టిఫికేషన్ లేబుల్ ఉంటుంది, స్కాన్ చేసుకోండి. గోడలోంచి పది పదిహేను మీటర్లు లాగాల్సి వస్తే మంచి కేబుల్‌కి ఎక్కువ పెట్టడంలో అర్థముంది. రెండు మీటర్లకు లేదు.

బంగారు పూత గురించి కూడా చెప్పే ఉంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. బంగారం తుప్పు పట్టదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి గేటు గొళ్లేలు ఏమవుతాయో మనకు తెలిసిందే. కానీ ఆ పూత పిన్నులను కాపాడుతుందే తప్ప బొమ్మను మార్చదు. పైగా చవక కేబుల్స్‌కీ పల్చగా పూత వేస్తున్నారు. మిగిలే నాలుగు వేలు దాచి సౌండ్‌బార్‌కి వేసుకోండి. ఇప్పటి పల్చటి టీవీల్లో అసలు లోటు శబ్దంలోనే ఉంది.

ప్రశ్న: ఐఫోన్ 16లో 128 జీబీ నుంచి 256కి వెళ్తే పదివేలు ఎక్కువ. ఆ చిప్‌కి నిజంగా అంత ఖర్చవుతుందా? – గాజువాక నుంచి ఒక విద్యార్థి

జవాబు: కాదు. 2024లో ఐఫోన్ 16ను 128 జీబీ రూ.79,900, 256 జీబీ రూ.89,900, 512 జీబీ రూ.1,09,900 ధరలకు తెచ్చారు. ఇవి చిప్ ఖర్చును బట్టి వేసిన ధరలు కావు, మిమ్మల్ని ఒక్కో మెట్టూ ఎక్కించడానికి వేసినవి. మెమరీ కార్డు స్లాట్ లేదు కాబట్టి తర్వాత పెంచుకునే వీలూ లేదు. తెర తుడుచుకునే గుడ్డను 2021లో రూ.1,900కి అమ్మిన కంపెనీ అది! అలాగని పెట్టిన డబ్బంతా పేరుకే పోతుందనను. ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి, పాతది అమ్మినా మంచి రేటు పలుకుతుంది. వీడియోలు ఎక్కువగా తీయకపోతే 128తో సరిపెట్టుకోండి.

ప్రశ్న: మాది ఐపీ68 ఫోన్. రుషికొండలో సముద్రంలో దిగి ఫొటోలు తీయొచ్చా? – మధురవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఫోన్ దుమ్మును, నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఆ రేటింగ్ ఇచ్చేది మంచినీళ్లలో పరీక్షించి, ఉప్పునీళ్లలో కాదు. చాలా కంపెనీలు నీళ్లు తగిలి పాడైతే వారంటీ కూడా ఇవ్వవు. ఇప్పటికే తడిసి ఉంటే మంచినీళ్లతో కడిగి, తుడిచి, పోర్టు కిందికి వచ్చేలా గాలి తగిలేచోట ఆరబెట్టండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి. బియ్యం డబ్బాలో మాత్రం వేయకండి, నూకలు పోర్టులో ఇరుక్కుంటాయి.