ఫారం మీద నీ నంబరు రాయకు

బిడ్డా సింధూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బ్యాంకు కోచింగ్ మానేసి ఎమ్మెస్‌డబ్ల్యూ, అదే సోషల్ వర్క్‌లో పీజీ, చేస్తానన్నావట. "ఇంత చదివిన పిల్ల బస్తీలెంట తిరుగుతదంట అక్కా" అని ఒకటే బాధ. ఆమెను సముదాయించి పడుకున్నాను. అప్పటికి నాకు గర్వంగానే ఉంది. గుబులు తెల్లవారుజామున మొదలైంది, అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

సీటు సంగతి ముందు అయిపోగొడతాను. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, నీ బీకాం అడ్డు రాదు. ఉస్మానియాలో చేరాలన్నా, గచ్చిబౌలి రోడా మిస్త్రీ కాలేజీలో చేరాలన్నా సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) హైదరాబాద్ క్యాంపస్ మీద మనసుంటే సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త పరీక్ష వేరేగా రాయాలి, దాని నోటిఫికేషన్ ముందే వస్తుంది, కన్నేసి ఉంచు. పల్లెల్లో పనిచేయాలనిపిస్తే రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ వాళ్ల పీజీ డిప్లొమాలు కూడా చూడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ప్రభుత్వ ఈ-పాస్ సైట్‌లో పెట్టుకోవాలి, దానికి ఇన్‌కం సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ గురించి మళ్లీ చివర్లో అడుగుతాను.

క్లాసుల గురించి నేను చెప్పేదేం లేదు. కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, రీసెర్చ్ మెథడ్స్. చదివితే వస్తాయి. జనం భాగస్వామ్యం గురించి ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో చెప్పిన ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి వస్తుంది, దాన్ని మాత్రం బట్టీ పట్టకుండా అర్థం చేసుకో. కింది మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టి మనం అనుకున్నదానికి తలూపిస్తాం. మధ్య మెట్ల మీద వాళ్లకు సమాచారం ఇస్తాం, అభిప్రాయం అడుగుతాం, నిర్ణయం మన దగ్గరే పెట్టుకుంటాం. పై మెట్లకు వెళ్తేనే నిర్ణయం వాళ్ల చేతికి పోతుంది. నువ్వు రేపు బస్తీలో ఏ పని చేసినా రాత్రి డైరీ రాసేటప్పుడు ఆ పని ఏ మెట్టు మీద ఉందో పక్కన అంకె వేసుకో. మొదట్లో రెండు, మూడు దాటదు. సిగ్గుపడకు.

అసలు చదువు ఫీల్డ్ వర్క్‌లో ఉంది. వారానికి రెండు రోజులు మామూలుగా, ఆ తర్వాత రూరల్ క్యాంపు, చివర్లో నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే ఒకే సంస్థలో వరసగా పనిచేయడం. మొదటి రెండు వారాలు ఏ పనీ మొదలుపెట్టకు, ఊరికే తిరుగు. మన ఊళ్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ గంటో గంటన్నరో. నువ్వు పెట్టిన మీటింగ్ నీళ్లొచ్చే టైముకి పడితే ఒక్క ఆడమనిషి రాదు. రాలేదని రిపోర్టులో "స్పందన లేదు" అని రాసేవాళ్లను చూశాను. ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు పొద్దున్నే పోతారు, ఒంటిగంట దాటాక గానీ రారు. రెండున్నర నుంచి నాలుగు లోపు దొరుకుతారు, ఆ తర్వాత పిల్లలు బడి నుంచి వస్తారు. వాల్వు తిప్పే లైన్‌మన్‌తో, అంగన్‌వాడీ టీచర్‌తో, ఆశా వర్కర్‌తో, రేషన్ డీలర్‌తో పరిచయం చేసుకో. ఉర్దూ రాకపోతే పాతబస్తీ వైపు వేసినప్పుడు ఇబ్బంది, ఇప్పటి నుంచే నాలుగు ముక్కలు నేర్చుకో.

బస్తీ లీడర్ ఒకాయన ఉంటాడు, ఎక్కడైనా ఉంటాడు. మొదటి రోజు వెళ్లి నమస్కారం పెట్టు, లేకపోతే మూడో రోజు నీ మీద పుకారు పుడుతుంది. కానీ మీటింగ్ ఆయన ఇంటి వాకిట్లో పెట్టకు. ఆయన వాకిట్లోకి రాని కుటుంబాలు కొన్ని ఉంటాయి, నీకు ముఖ్యంగా కావలసింది వాళ్లే. కమ్యూనిటీ హాలు తాళంచెవి ఎవరింట్లో ఉందో కనుక్కో, బస్తీలో ఎవరి మాట చెల్లుతుందో సగం అక్కడే తెలిసిపోతుంది. అంగన్‌వాడీ సెంటరు నయం.

సోషల్ మ్యాప్ వేయిస్తారు, అంటే బస్తీవాళ్ల చేతే నేల మీద బస్తీ పటం గీయించడం. చార్టూ స్కెచ్‌పెన్నులూ పట్టుకెళ్లకు. ముగ్గుపిండి, జాజు, నాలుగు రకాల గింజలు చాలు. పది పన్నెండు మంది కూర్చుంటే ముగ్గుపిండి డబ్బా అందరికంటే పెద్దావిడ చేతిలో పెట్టి నువ్వు వెనక్కి జరుగు. ఆడవాళ్లతో ఒకసారి, మగవాళ్లతో ఇంకోసారి, వేర్వేరుగా వేయించు. మగవాళ్లు గుడి, ఆటో స్టాండు, కార్పొరేటర్ వేయించిన సీసీ రోడ్డు ముందు చూపిస్తారు. ఆడవాళ్లు దీపం లేని మలుపు, బెల్టుషాపు, మురికికాలువ పక్క నుంచి పోయే నీళ్ల పైపు చూపిస్తారు. రెండు మ్యాపుల మధ్య తేడా ఎక్కడుందో అక్కడే నీ పని ఉంటుంది. తుడిచేసే ముందు కాగితం మీదకి ఎక్కించి ఒక కాపీ వాళ్లకే ఇచ్చి రా. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు తెల్లవారుజామున నిద్ర పట్టనివ్వనిది ఇదే.

పన్నెండేళ్ల కిందట రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి రైలుకట్ట పక్క బస్తీలో ఫీల్డ్ వర్క్ చేసింది. నీలాగే చురుకు, నీలాగే ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆగలేదు. రేషన్ కార్డు లేనివాళ్లు, వితంతు పింఛను రానివాళ్లు కలిపి నలభై మూడు మందిని ఇల్లిల్లూ తిరిగి పట్టుకుంది. ఆరు వారాలు కూర్చుని తనే ఫారాలు నింపింది. ఆధార్ జిరాక్సులు, భర్త మరణ ధ్రువపత్రాలు, ఫొటోలు అన్నీ తన డబ్బుతో చేయించింది. ముత్యాల్లాంటి దస్తూరి. ఫారంలో ఫోన్ నంబరు గడి ఉంటుంది కదా, సగం పైన ఆడవాళ్లకు సొంత ఫోన్ లేదు. ఆ గడిలో తన నంబరు రాసింది. కట్ట కట్టి ఆఫీసులో ఇస్తే గుమస్తా మొత్తానికి కలిపి ఒక్క రసీదు ఇచ్చాడు. దాన్ని భద్రంగా తన ఫైల్లో పెట్టుకుంది.

మార్చిలో బ్లాక్ ప్లేస్‌మెంట్‌కి వేరే జిల్లాకు పోయింది. అక్కడ సిగ్నల్ లేక సిమ్ మార్చింది. విచారణకు వచ్చినవాళ్లు ఆ పాత నంబరుకు చేశారు, కలవలేదు. ఇళ్లకొస్తే పట్టపగలు తాళాలు, అందరూ పనుల మీద ఉన్నారు. ఫారాల మీద "అందుబాటులో లేరు" అని రాసి పక్కన పెట్టేశారు.

ఇక్కడితో అయిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. తర్వాతి విడత దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆ బస్తీ ఆడవాళ్లలో చాలామంది క్యూలో నిలబడలేదు. "మేం పెట్టుకున్నం, మా మేడమ్ దగ్గర కాగితం ఉంది" అన్నారు. ఆ నమ్మకంతో ఏడాదికి పైగా కూర్చున్నారు. అసలు ఆ అమ్మాయి రాకపోయి ఉంటే ఎవరో ఒక దళారికి రెండు వందలిచ్చైనా మళ్లీ పెట్టుకునేవాళ్లు. మంచిపని వాళ్లను అంతకుముందున్న చోటు కంటే వెనక్కి నెట్టింది.

ఆ అమ్మాయి రిపోర్టులో "43 మందికి లబ్ధి" అని ఉంది. దాని మీద "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టిన సూపర్‌వైజర్ని నేనే. రసీదు ఎవరి దగ్గరుందని అడగలేదు. నంబరు గడి చూడలేదు.

కాబట్టి రాసుకో. ఫారం మీద నీ నంబరు రాయకు. ఫోన్ లేకపోతే ఎదిగిన కొడుకుదో కూతురిదో, అదీ లేకపోతే పక్కింటివాళ్లది, వాళ్లను అడిగి రాయి. రసీదు ఎవరిది వాళ్ల చేతికే రావాలి, కట్టకు ఒకటి ఇస్తానంటే ఒప్పుకోకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్క రాత్రి కూడా నీ సంచిలో ఉండకూడదు. మొదటి మూడు ఫారాలు నువ్వు నింపు, పక్కన ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టుకో. తర్వాతి మూడు వాళ్లు నింపుతుంటే నువ్వు చూడు. ఏడోదాని నుంచి పెన్ను ముట్టకు. తప్పులు పోతాయి, కొట్టివేతలు ఉంటాయి, నీ చేతికి దురద పుడుతుంది. చేతులు కట్టుకుని కూర్చో. రెండు వందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి కొని పేరు, ఏ దరఖాస్తు, ఇచ్చిన తేదీ, రసీదు నంబరు, ఏ ఆఫీసు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అని ఆరు గళ్లు గీయించు. ఆ పుస్తకం బస్తీలోనే ఉండాలి. అందులో నీ పేరు ఎక్కడా కనబడకూడదు.

వీధిదీపం, డ్రైనేజీ లాంటి అందరి సమస్యల మీద అర్జీ పెట్టేటప్పుడూ ఇదే పద్ధతి. రెండు కాపీలు రాయించు, తపాల్ సెక్షన్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోమను. నోటితో "చూస్తాంలే" అన్నదానికి విలువ లేదు. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పాలి, తెల్లకార్డు వాళ్లకు ఫీజు లేదు. ఆ దరఖాస్తు కూడా బస్తీ మనిషి పేరుతోనే వెళ్లాలి. కానీ ఒక్కరి పేరుతో పంపకు, ముగ్గురు నలుగురు వేర్వేరుగా పెడితే ఎవరి మీదా కోపం నిలవదు.

వెళ్లిపోవడం గురించి ఏ కాలేజీలోనూ సరిగ్గా చెప్పరు. ఆఖరి ఆరు వారాల్లో కొత్త పని ఏదీ ఎత్తుకోకు. వెళ్లే తేదీ మొదటి నెలలోనే చెప్పేయి, నెలనెలా గుర్తుచేయి. చివరి రెండు మీటింగులకు వెళ్లి వెనక వరసలో కూర్చో, ఆఖరిదానికి అసలు వెళ్లకు. మీటింగ్ జరిగిందో లేదో మర్నాడు కనుక్కో.

నాయకత్వం అని కోర్సు పేర్లలో పెద్దగా రాస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారే, అక్కడికి సారా ఉద్యమం నడపడానికి ఎవరూ పోలేదు. అక్షరాస్యత కేంద్రం పెట్టారు, రాత్రిపూట దీపం కింద ఆడవాళ్లు పదిమంది కూర్చునే చోటు దొరికింది. ఏం మాట్లాడుకోవాలో వాళ్లే తేల్చుకున్నారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన రోశమ్మ అందులోంచి వచ్చింది. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా బందయింది. మన హైదరాబాద్‌లో 1967లో మొదలైన యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) పని మీద పాత రిపోర్టులు ఉంటాయి, లైబ్రరీలో అడుగు. డిసర్టేషన్‌కి టాపిక్ లేక ఏడ్చేవాళ్లందరూ వాటిని వదిలేసి కొత్త పదాల వెంట పడతారు.

చిన్నచిన్నవి కొన్ని. డైరీ ఆ రాత్రే రాయి, మర్నాటికి నువ్వు విన్నదీ నువ్వు అనుకున్నదీ కలిసిపోతాయి. పేజీ మధ్యలో గీత గీసి చూసింది ఎడమ పక్క, అనిపించింది కుడి పక్క రాయి. మనుషుల పేర్లు రాయకు, గుర్తులు పెట్టుకో. పిల్లల ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టావంటే నేనే వచ్చి ఫోన్ లాక్కుంటాను. పసిపిల్ల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే మీ సార్‌ని అడిగి చెబుదామని ఆగకు, పోక్సో చట్టం కింద తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 గుర్తుపెట్టుకో. నువ్వు పనిచేసే సంస్థలో నీతోనే ఎవరైనా తేడాగా ప్రవర్తిస్తే నాకు ఫోన్ చేయి, రాత్రి రెండైనా సరే. ట్రైనీ అయినా నువ్వు పనిచేసేచోట లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం కిందకే వస్తావు, కంప్లయింట్ కమిటీ ఎవరో మొదటి రోజే అడుగు. అడిగితే ఏమనుకుంటారో అనుకోకు.

జీతం సంగతి మీ అమ్మకు నేను చెప్పుకుంటాను. మొదట్లో ఉద్యోగాలన్నీ కాంట్రాక్టువే, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. నీకు బీకాం ఉంది, దాన్ని పారేయకు. సంఘాల పుస్తకాలు చూడటం, అప్పు పొదుపు లెక్కలు తేల్చడం, ఆడిటర్‌కి కాగితాలు సర్దడం వచ్చినవాళ్లు ఈ రంగంలో తక్కువ. కోర్సులో అందరూ జనంతో మాట్లాడటం నేర్చుకుంటారు, క్యాష్‌బుక్ టాలీ చేసేవాళ్లను వెతుక్కుంటూ వస్తారు.

నీళ్ల సీసా ఇంటి నుంచి తీసుకెళ్లు. ఎండాకాలం వస్తే కామెర్లు పోవు బస్తీల్లో. కానీ ఎవరింట్లోనైనా చాయ్ ఇస్తే కాదనకు. వాళ్లింట్లో నోరు తడపడానికి వెనకాడావని ఒక్కసారి అనుకున్నారంటే రెండేళ్లు నువ్వేం చేసినా పోదు. చాయ్ మరిగిన నీళ్లే కదా, భయం లేదు. కడుపు ఖాళీగా పోకు, డబ్బాలో రెండు రొట్టెలు పెట్టుకో. చెప్పులు గట్టివి కొనుక్కో, నేను డబ్బులు పంపుతాను.

ఆదివారం రా. ముగ్గుపిండి డబ్బా, గీసిపెట్టిన లాంగ్‌బుక్ ఒకటి నీ కోసం తీసి పెట్టాను. వచ్చేటప్పుడు ఆ ఇన్‌కం సర్టిఫికెట్ తీసుకురా, దాని మీద తేదీ చూడాలి. దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు ఇచ్చావో కూడా చూడాలి.

మీ పెద్దమ్మ