జామ మొక్క మీద తెల్లటి పురుగులన్నీ పిండినల్లులేనా?

కాదు, వాటిలో పిండినల్లిని (మొక్క రసం పీల్చే మీలీబగ్‌ని) తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్లలు కూడా ఉండొచ్చు, అందుకే మందు కొట్టేముందు ఒకసారి దగ్గరగా చూడండి. ఈ పిల్లపురుగుకి ఒంటి నిండా తెల్లటి మైనం పోగులుంటాయి, పిండినల్లుల్ని కాపలా కాసే చీమల నుంచి అదే దానికి రక్షణ, చూడ్డానికీ అచ్చం పిండినల్లే. వైజాగ్‌లో మేడ మీద కుండీలో ఉన్న జామ కొమ్మనే తీసుకోండి: ఆకు అడుగున గుంపుగా, దాదాపు కదలకుండా, 3-4 మిల్లీమీటర్లే ఉంటే పిండినల్లి. సెంటీమీటరు దాకా పెరిగి, పోగులు పొడుగ్గా ఉండి, పుల్లతో తాకగానే చకచకా నడిస్తే మాత్రం అది మన పక్షమే. పెద్దదయ్యాక నల్లటి రెక్కలు, నారింజ రంగు తల వస్తాయి. పెద్ద తెల్లపురుగంటే ముదిరిన పిండినల్లి అనుకుని చాలామంది ముందు దాన్నే నలిపేస్తారు, పాపం.