హెచ్‌ఐవీ టైపు తెలిశాకే మందులు మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 36. ఉగాండాలో ఉద్యోగం చేసి వచ్చాను. నాలుగు నెలల కింద హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలింది. అక్కడి డి టైపు డేంజరని, మన దగ్గరుండే సి టైపు నిదానమని చదివాను. నాది ఏ టైపో ఎక్కడ టెస్ట్ చేస్తారు? అది తెలిశాక మందులు వాడదామని ఆగాను, ప్రస్తుతం పసరు మందు తాగుతున్నా. మూడు వారాల నుంచి దగ్గు, 5 కిలోలు తగ్గాను.
– ఓ పాఠకుడు, ఏలూరు

డాక్టర్ సలహా: మీరు టైపు గురించి అడిగారు గానీ నాకు కంగారు పుట్టించింది మీ చివరి లైను. మూడు వారాల దగ్గు, బరువు తగ్గడం, పైగా హెచ్‌ఐవీ అంటే ముందు టీబీ లేదని తేల్చుకోవాలి. రేపే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి. ఈలోగా మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగొద్దు, కొన్ని రకాలు వాడితే టీబీ కొన్నాళ్లు అణిగినట్టుండి పరీక్షలో దొరక్కుండా పోతుంది.

టైపు సంగతి, మీరు చదివింది పూర్తిగా తప్పేం కాదు. ఉగాండాలో ఎ, డి రెండూ ఎక్కువ, మందులు వాడనివాళ్లలో ఎ కంటే డి ఉన్నవాళ్లకి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) త్వరగా పడిపోతుందని అక్కడి పరిశోధనల్లోనే తేలింది. దానికో కారణం ఇదంటారు: వైరస్ కణంలోకి దూరడానికి సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 అని రెండు తలుపులుంటాయి, డి రకం రెండో తలుపుకి మారడం ఎక్కువ, సి మాత్రం చాలావరకు మొదటిదాన్నే పట్టుకుని ఉంటుంది. అలాగని సి మెత్తనిదనుకోకండి, దక్షిణాఫ్రికాలో మందులు అందకముందు అంతమందిని పొట్టన పెట్టుకుంది ఆ సి రకమే. నెదర్లాండ్స్‌లో బి రకంలోనే ఒక తీవ్రమైన వేరియంట్ ఉందని 2022లో బయటపెట్టారు, సీడీ4 రెండింతల వేగంతో పడిపోయేది, కానీ మందులు మొదలుపెట్టాక వాళ్లూ మిగతావాళ్లలాగే కోలుకున్నారు. అంటే ఈ తేడాలన్నీ మందులు వాడనప్పటి లెక్కలు. ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) ఉచితంగా ఇచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర ఎ, బి, సి, డి అన్నిటి మీదా పనిచేస్తుంది, అందుకే టైపు తెలిసేదాకా ఎవరూ ఆగరు. నాలుగు నెలలు ఊరికే పోగొట్టుకున్నారండీ, చదువుకున్నవాళ్లు కూడా ఇలా చేస్తే ఎలా? రిపోర్టులో హెచ్‌ఐవీ-1 (పైన చెప్పిన ఎ, బి, సి, డిలన్నీ ఇందులోవే) అని ఉందా, 2 అని ఉందా అన్నది మాత్రం చూపించండి, 2 అయితే కొన్ని మందులు పనిచేయవు.

పసరు ఇవాళే ఆపేయండి. అందులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, లివర్, కిడ్నీ దెబ్బతినొచ్చు, టెనోఫోవిర్‌కి కిడ్నీ బాగుండాలి. ఎన్నాళ్లు తాగారో సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షలు, హెపటైటిస్ బి, సీడీ4 వాళ్లే చేయిస్తారు. ఒకవేళ టీబీ తేలితే ముందు దాని మందులు, కొద్ది రోజుల తేడాతో హెచ్‌ఐవీ మందులు మొదలవుతాయి, టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రెండు పూటలా వేసుకోవాల్సి వస్తుంది, ఎప్పుడు ఎంత అనేది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పలేను.

పెళ్లయిందో లేదో రాయలేదు, భార్య ఉంటే ఆమెకీ టెస్ట్ చేయించండి, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఫ్రీ, మీ వివరాలు బయటికి రావు.